గూట్లో ఇత్తడి చెంబు

నేను ఒక ఇత్తడి చెంబును. కంచరి నన్ను సాగగొట్టింది నీళ్ళు పోసుకోవడానికి. తిరపతమ్మ నన్ను సారెలో తెచ్చుకుంది కూడా అందుకే. ఆమె మొగుడు చినగురవయ్య మాత్రం నన్ను దేవుడి గూట్లో పెట్టి న్యాయాధికారిని చేశాడు.

ఆ మనిషికి ఏదీ తేల్చుకోవడం చేతకాదు. గేదెను అమ్మాలా, బోరు ఎక్కడ వేయాలి, తమ్ముడితో మాట్లాడాలా వద్దా, అన్నిటికీ శుక్రవారం పొద్దున నాలో చీటీలు వేసేవాడు. పసుపునీళ్ళు చిలకరించి, కళ్ళు మూసుకుని, రెండు వేళ్ళు దూర్చి ఒకటి లాగేవాడు. ఒక ఏడు పత్తి వేయమని చీటీ వచ్చింది. పురుగు పత్తిని తినేసింది. నన్ను గోడకేసి కొట్టాడు. మెడ కింద సొట్ట పడింది. పై శుక్రవారం సిగ్గు లేకుండా మళ్ళీ నా ముందే కూర్చున్నాడు.

తిరపతమ్మకు కడుపులో గడ్డ లేచింది. వారంలోగా కోసి తీయాలని డాక్టరు చెప్పాడు. చినగురవయ్య ఇంటికొచ్చి మూడు చీటీలు రాశాడు. ఆసుపత్రి. వద్దు. ఆగు.

ఆగు వచ్చింది. అతని మొహం ఎంత తేలికపడిందో నేను చూశాను.

"నొప్పెట్టేది నాకయ్యా, చెంబుకి కాదు" అంది తిరపతమ్మ.

"తొందరపడమాక. వచ్చే శుక్కురారం మళ్ళీ అడుగుదాం."

"ఈలోపు గడ్డను కూడా ఆగమని చెప్పు మరి."

రెండో శుక్రవారం కూడా ఆగు. మూడోసారీ అదే. సంగతి తేలేదాకా ఆ చీటీలే నాలో ఉండాలని, చీటీల చెంబును తోమకూడదని ఆ ఇంట్లో ఒక పట్టింపు. రోజూ నన్ను చింతపండుతో తోమే ఆమె చేతులు అన్ని రోజులూ నన్ను ముట్టలేదు.

ఆదివారం గడ్డ పగిలింది. ఆ రోజు అతను నన్నేమీ అడగలేదు. ఆటో కోసం పరుగెత్తాడు. తిరపతమ్మ దారిలోనే పోయింది.

పదకొండో రోజు నన్ను తోముదామని బోర్లించాడు. రెండు చీటీలే రాలాయి. మూడోది సొట్ట వెనక పసుపుతడికి అతుక్కుని ఎండిపోయింది. పుల్లతో గీకి తీశాడు. ఆసుపత్రి. మూడు శుక్రవారాలూ అది అతని వేళ్ళకు అందే చోట లేదు.

"నా ఆడదాన్ని ఈ చెంబే చంపింది" అని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పాడు. వాళ్ళూ తలలూపి, కాఫీ తాగి పోయారు. ఆసుపత్రికి పోయే ఎనిమిది గంటల బస్సు రోజూ ఆ గుమ్మం ముందే ఆగుతుంది. దాని సంగతి ఒక్కరూ ఎత్తలేదు.

మొన్న పాతసామాన్లు కొనే మస్తాను వస్తే చినగురవయ్య నన్ను తెచ్చి అతని చేతిలో పెట్టాడు. మస్తాను నన్ను తిప్పి చూశాడు.

"సొట్ట తప్ప బాగానే ఉందయ్యా. ఇచ్చేస్తావా?"

ఆమె పుట్టింటి చెంబు. ఆమెను చంపిన చెంబు. చినగురవయ్యకు ఎటూ తెగలేదు.

"ఏందయ్యా, నేనింకా రెండూళ్ళు తిరగాలి."

"ఒక్క నిమిషం ఉండు" అని నన్ను లాక్కుని లోపలికొచ్చాడు. క్యాలెండరు కాగితం చింపి రెండు ముక్కలు చేశాడు. ఒకదాని మీద ఇచ్చేయ్, రెండోదాని మీద ఉంచు అని రాశాడు. పసుపునీళ్ళు చిలకరించి, కళ్ళు మూసుకున్నాడు.

ఉంచు వచ్చింది.

గూట్లోనే ఉన్నాను. రేపు శుక్రవారం.