ఫైబర్ గొర్ల నడుమ ఆదివారం

యాదయ్య పుట్టింది గొర్లకాపరి ఇంట్ల. ఇప్పుడు గూడ గొర్లనే చూస్కుంటడు. కాకపోతే ఇవి ఫైబర్ గొర్లు. మేపే పని లేదు, పొద్దుగాల తడిగుడ్డతోటి తుడిస్తే చాలు. తెల్లాపూర్ దిక్కు విల్లాలు కడుతున్న ఒక వెంచర్ల ఆయన వాచ్‌మన్. ఇంగ్లండు పల్లెటూరు లెక్క కడుతున్నరంట. పొగ రాని పొగగొట్టాలు, చెక్క బెంచీలు, మట్టి పోసి లేపిన గుట్ట, గుట్ట మీద గడ్డి, గడ్డి మీద గొర్లు. ఇంగ్లండుల గింత ఎండ కొడుతదా అని అడిగినోడు లేడు.

ఆయన భార్య కొమురమ్మ శేరిలింగంపల్లిల ఒక ఆఫీసుల హౌస్‌కీపింగ్ చేస్తది. ఆమెకు ఆదివారం సెలవు. యాదయ్యకు గూడ సెలవే, కాగితం మీద. ప్రతి వారం "ఈ ఆదివారం గోల్కొండ పోదామే" అంటడు. ఆమె తల దువ్వుకొని మంచి చీరె కట్టుకునేసరికి సూపర్‌వైజర్ మధుకర్ ఫోన్ చేస్తడు, ఎవడో డ్యూటీకి రాలేదని. "ఆఁ సార్, వస్తున్న" అంటడు యాదయ్య. ఆ మాట ఆయన నోట్లె ఎప్పుడు తయారుగనే ఉంటది.

పోయినసారి కొమురమ్మ లొల్లి చెయ్యలేదు. సంచిల చీరెలు సర్ది తలుపు ఎనుక పెట్టింది. "ఇంకొక ఆదివారం గిట్లయితే సిద్దిపేటల బిడ్డ కాడికి పోత. మళ్ల రాను. నువ్వు, నీ గొర్లు సల్లగుండుండ్రి" అన్నది. అరిస్తే భయపడేటోడు కాదు యాదయ్య. ఆమె మెల్లగ చెప్పింది, గందుకే భయపడ్డడు.

ఆ వచ్చిన ఆదివారం మళ్ల ఫోన్ మోగింది. "ఆఁ సార్, వస్తున్న" అన్నంక నాలిక కర్సుకున్నడు. ఏం తోచక, "నువ్వు గూడ రా. ఇంగ్లండు చూపిస్త" అన్నడు.

"సంచి తెచ్చుకోనా?"

"వద్దే!"

ఎట్లాగూ మంచి చీరె కట్టుకున్నది గనుక పోయింది.

వెంచర్ల ఆ రోజు ఫోటోలు తీస్తున్నరు. హోర్డింగు కోసం ఒక పెద్దవయసు జంట తీరుబాటుగ నడుసుకుంట పోవాల్నంట. రావలసిన జంట రాలేదు. అమ్మకాలు చూసే జ్యోత్స్న మేడం వీళ్లను చూసింది. "యాదయ్యగారూ, మీరిద్దరూ కొంచెం నడిచిపెడతారా అండీ?" అన్నది. ఆయనకు కోటు, టోపీ ఇచ్చిన్రు. కొమురమ్మకు చీరె మీదికెల్లే పొడుగు కోటు తొడిగిన్రు.

నడిచిన్రు. కెమెరా పిల్లగాడు నెత్తి పట్టుకున్నడు. యాదయ్య ముంగట, కొమురమ్మ నాలుగడుగులు ఎనుక. పెండ్లయిన సంది గట్లనే నడుస్తున్నరు. ఇంకో తీరుగ నడవొచ్చని వాళ్లకు ఎవ్వరు చెప్పలే.

"కాకా, యాడికి ఉరుకుతున్నవ్, బస్సు పోతదా? పక్కపక్కన నడువుండ్రి. చెయ్యి పట్టుకో. మొఖం గురించి ఫికర్ చెయ్యకు, చెయ్యి మాత్రం ఇడువకు" అన్నడు ఆ పిల్లగాడు.

యాదయ్య గొర్ల దిక్కు చూసిండు. అవి చూస్తలేవు. చెయ్యి పట్టుకున్నడు. ఫినాయిల్‌కు గరుకెక్కిన చెయ్యి, అరచేతి ఎనుక పచ్చబొట్టు. ఇన్నేండ్లు ఆ చెయ్యి పెట్టిన అన్నం తిన్నడు గాని, అది గిట్లుంటదని ఎరుక లేకపాయె. సిగ్గయింది.

"చెమట పడుతున్నది, జర మెల్లగ పట్టు" అన్నది కొమురమ్మ. ఇడిపించుకోలేదు.

తర్వాత బెంచీ మీద కూసోబెట్టి కీరా ముక్కలు పెట్టిన బ్రెడ్డు తినమన్నరు. "ఉప్పు లేదు" అన్నది ఆమె. ఇంగ్లండు మీద ఆమె చెప్పిన మాట గదొక్కటే.

ఇంటికి పోయేటప్పుడు యాదయ్య ఆశగ, "ఇగ సంచి..." అన్నడు.

"ఇది డ్యూటీ. ఆదివారం లెక్కల రాదు. ఆ ఫోటో పెట్టినంక నన్ను తీస్కపోయి చూపియ్యి. అప్పుడు చూద్దాం."

హోర్డింగు గచ్చిబౌలి దాటినంక రోడ్డు పక్కన లేచింది. ఆ ఆదివారం ఫోన్ మోగకముందే ఇద్దరు బస్సెక్కిన్రు. దిగి చూస్తే అది మూడంతస్తుల ఎత్తున్నది. కోటు తనదే, టోపీ తనదే. టోపీ కింద ఒక తెల్లదొర నవ్వుతున్నడు. కొమురమ్మ మెడ మీద దొరసాని తలకాయ. కంప్యూటర్ల మార్చిన్రు.

యాదయ్యకు ఏడుపొచ్చినంత పనైంది. దీనికోసమా ఆమెను గింత దూరం తెచ్చింది! "తలకాయలు తీసేసిన్రే" అన్నడు.

కొమురమ్మ ఎండకు కొంగు అడ్డం పెట్టుకొని చానసేపు చూసింది. "దొరసానికి నా పచ్చబొట్టు ఎట్లొచ్చె?" అన్నది.

నిజమే. చేతులు మార్చుడు మర్చిపోయిన్రు. తెల్లమొఖాల కింద రెండు నల్లచేతులు, ఒకదాన్నొకటి గట్టిగ పట్టుకొని ఉన్నయి.

అప్పుడే ఫోన్ మోగింది. మధుకర్. కొమురమ్మ హోర్డింగు మీదికెల్లి కండ్లు తీసి, బస్టాపు దిక్కు తిరిగి నడిచింది. యాదయ్య ఎనుకబడ్డడు. ఫోన్ చెవికి పెట్టుకున్నడు. నోట్లె తయారుగున్న మాటను మింగిండు.

"రాను సార్" అన్నడు. "నేను ఇంగ్లండుల ఉన్న. ఆదివారం గద."

అవతల సూపర్‌వైజర్ ఏమో అంటనే ఉన్నడు. యాదయ్య బంద్ చేసి జేబుల ఏసుకున్నడు. ఉరికి ఆమె పక్కకు చేరి చెయ్యి పట్టుకున్నడు. రోడ్డు నిండ జనం, అయినా పట్టుకున్నడు.

"గోల్కొండ పోదామా?"

"పోదాం" అన్నది కొమురమ్మ. "గాని పొద్దుగూకక ముందే ఇంటికి రావాలె. సంచిల చీరెలు నలిగిపోతున్నయి."