వెంకట్రాజుకు పడని నలభై ఫోటోలు

గణపవరం మిషన్ స్కూల్లో సైన్సు చెప్పే జాకబ్ మాస్టారు ఇంట్లోని కంప్యూటర్‌కు పౌడర్ ఒక్కటే రాయించలేదు గానీ, స్టూడియో వెంకట్రాజు చేత పెళ్లికూతురికి చేసే మర్యాదలన్నీ చేయించారు. వెనక నీలం గుడ్డ కట్టించారు. పక్కన గొడుగు లైటు పెట్టించారు. నలభై ఫోటోలు తీయించారు.

కారణం ఉంది. టీచర్లకు కంప్యూటర్ నేర్పడానికి ఏలూరు మిషన్ ఆఫీసువారు బొమ్మలతో పాఠాల పుస్తకం అడిగారు. ఎవరి పుస్తకం నచ్చితే వాళ్ల ఊళ్లోనే శిక్షణ కేంద్రం. ఈ మధ్యాహ్నం రెండింటితో గడువు ఆఖరు, అక్కడికక్కడే చూసి తేల్చేస్తారు. అత్తిలి నుంచి ఎలీయాజరు మాస్టారు నిన్ననే ఇచ్చేశారని కబురు. జాకబ్ పాఠాలన్నీ టైపు చేసి ఉంచారు, బొమ్మలే తక్కువ.

పొద్దున తొమ్మిదింటికి వెంకట్రాజు ఫోటోలు కడిగించి తెచ్చాడు. అన్నింటిలోనూ తెరకు అడ్డంగా ఒక నల్ల పట్టీ, మధ్యలో ఫ్లాష్ వెలుగు, ఆ వెలుగు పక్కన కెమెరాతో వెంకట్రాజు.

"నేను బాగానే పడ్డానండీ మాస్టారూ," అన్నాడతను, ఒక ఫోటో ఎత్తి చూసుకుంటూ.

జాకబ్ కీబోర్డు దగ్గరకు జరిగారు. ప్రింట్ స్క్రీన్ అని రాసి ఉన్న మీట కనబడింది. నొక్కి ప్రింటర్ వైపు చూశారు. అది కదల్లేదు. కాగితాలు సర్ది మళ్లీ నొక్కారు. పదకొండుసార్లు నొక్కాక, ప్రింటర్ పాడైపోయిందని తీర్పు చెప్పారు.

వంటింట్లో కొరమీను ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టిస్తున్న రత్నకుమారి చేతులు కడుక్కుని వచ్చింది.

"ఏవండీ, అది కాగితం మీద పడదండీ. లోపల దాచుకుంటుంది. వేరేచోట పేస్ట్ చేస్తేనే కనబడుతుంది."

"నీకెలా తెలుసు?"

"నిస్సీ కోర్సు పుస్తకంలో ఉందండీ. ఎనభై రెండో పేజీ."

"దాని మీద నువ్వు పప్పు డబ్బా పెట్టావు కదా."

"ఎనభై రెండో పేజీ చదివాకే పెట్టానండీ."

కూతురు కోర్సు ముగించి వదిలేసిన ఆ పుస్తకాన్ని ఆమె కుక్కరు విజిళ్ల మధ్య రెండుసార్లు చదివింది. చదివానని ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

జాకబ్ మౌసు పట్టుకున్నారు. స్టార్టు, ప్రోగ్రాములు, పెయింటు, పేస్టు, సేవ్, పేరు, మళ్లీ పాఠం దగ్గరకు రావడం. మొదటి బొమ్మ దాని చోట్లో కూర్చునేసరికి ఏడు నిమిషాలైంది. పదకొండింటికి రోజువారీ కరెంటు కోత. నలభై బొమ్మలకు ఎన్ని గంటలో రత్నకుమారి నిలబడే లెక్క కట్టేసింది.

"కరెంటువాళ్లు అంతసేపు ఆగరండీ. కాస్త లేవండి."

ఆయన లేచారు. ఆమె కూర్చుని మౌసును కిటికీ గట్టు మీద పెట్టింది. ఆల్ట్ నొక్కిపట్టి ప్రింట్ స్క్రీన్ కొడితే ముందున్న విండో ఒక్కటే వచ్చింది. ఆల్ట్ తో ట్యాబ్ కొడితే పాఠం. కంట్రోల్ తో వి కొడితే బొమ్మ దాని చోట్లో పడింది. పెయింట్ గుమ్మం ఎక్కనే లేదు. వేళ్లు బెండకాయలు తరిగినంత తేలిగ్గా నడిచాయి.

ఆరో బొమ్మకు వెంకట్రాజు కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు.

"రీలు అక్కర్లేదా చెల్లెమ్మా?"

"అక్కర్లేదన్నయ్యా."

"కడగడం?"

"అదీ లేదు."

అతను గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఈ సంగతి మన వీధిలో ఎవరికీ చెప్పకమ్మా."

పదింపావుకల్లా నలభై బొమ్మలూ అయ్యాయి. పేజీకి రెండు చొప్పున ఇరవై కాగితాలు. చివరి కాగితం చేతికందిన కాసేపటికి ఫ్యాను ఆగింది. జాకబ్ ఆ కట్ట పట్టుకుని ఏలూరు బస్సెక్కారు.

సాయంత్రం వచ్చి, చెప్పులు విప్పుతూనే అన్నారు: "కేంద్రం మనకే ఇచ్చారు. ఎలీయాజరు బొమ్మలన్నీ పెన్సిలుతో గీశాడు. పాపం, స్కేలు పెట్టి చక్కగానే గీశాడు."

"మీ బొమ్మలకేమన్నారండీ?"

"ఎలా తీశారో చేసి చూపించమన్నారు."

"చూపించారా?"

"మా ఆవిడని అడగాలండీ అన్నాను." ఆయన మంచినీళ్లు తాగి గ్లాసు దించారు. "అయితే ఆవిడనే నేర్పమనండి అన్నారు. సోమవారం నుంచి, పదింటికి. ముప్పై మంది టీచర్లు."

"ముప్పై మందిలో మీరున్నారా?"

"ఉన్నాను." జాకబ్ గొంతు సవరించుకున్నారు. "అందరి ముందూ నన్ను ఏవండీ అని మాత్రం పిలవకు."

"పిలవను లెండి. హాజరు వేసేటప్పుడు లేచి నిలబడితే చాలు," అంది రత్నకుమారి.