రెండో యంత్రం

గుర్రుమని ఒక చప్పుడు. దాని వెంటే బెదిరిన బర్రె అరుపు. దబీర్‌పురా సందులో ఆ చప్పుడు వినబడిందంటే నర్సింహ కొట్టానికి తనిఖీ వచ్చినట్టే. తక్కిన రోజుల్లో ఆ చప్పుడు చేసే యంత్రం మీద చొప్పకట్టలు నిద్రపోతాయి.

పాలు చల్లబరిచే యంత్రమది. పేదల పాడి పెరగాలని సముద్రాల అవతలి దేశమేదో ఉచితంగా పంపింది. వచ్చినదే తడవుగా రెండు బర్రెలు పట్టే చోటును ఆక్రమించి కూర్చుంది. పిండిన పాలు నురగ చావకముందే అమ్ముడయ్యే కొట్టంలో, చల్లబరచడానికి ఈగలు తప్ప ఏమీ మిగలవు.

యంత్రమిచ్చినవాళ్ల తరఫున తనిఖీకి వచ్చిన మనస్విని ట్యాబ్ తెరిచింది.

"యంత్రం వచ్చిననాడు రెండు బర్రెలు, ఇప్పుడు ఐదు. అద్భుతం అంకుల్! సాయం అందింది, ఆదాయం పెరిగింది. వచ్చే వారమే మీకు రెండో యంత్రం!"

నర్సింహ కొట్టంలో ఖాళీ మూల వైపు చూశాడు. మిగిలిన ఆ ఒక్క మూల, శుక్రవారం రాబోయే చూడి బర్రెది.

"వద్దు బిడ్డా. మిషిన్‌తోని ఏం గాలే."

బర్రె వెనక పాలు పితుకుతున్న అతని భార్య ఫక్కున నవ్వింది.

"ముసలమ్మ కోడి కుయ్యకుంటే తెల్లారదన్నట్టుంది నీ లెక్క బిడ్డా! మిషిన్ వచ్చిన ఏడాదే నేను పాలు పితికే యాళ్ల మార్చిన."

నిజమే. మధ్యాహ్నం మూడింటికి మొఘల్‌పురా హోటళ్లలో పాలు అడుగంటి, చాయ్ పలచబడుతుందని కనిపెట్టింది ఆమె. పితికే వేళను ఆ ఘడియకు జరిపింది ఆమె. క్యాను చంకనెత్తుకుని గడప గడపా తిరిగిందీ ఆమే.

"సరే, వద్దంటే కారణం రాయాలి," అంది మనస్విని. "యంత్రం వల్ల కాకపోతే ఎవరి వల్ల? సంతకం మీది కాబట్టి మీ నోటితోనే పేరు చెప్పాలి. రికార్డు చేస్తున్నా."

నర్సింహ గొంతు సవరించుకున్నాడు. "మా ఇంటామె."

"పేరు?"

"పిల్లల తల్లి."

"అంకుల్, పేరు!"

పెళ్లయి ఇరవై ఏడేళ్లు. ఆ ఇంట్లో మొగుడి పేరు ఆలి పలకదు, ఆలి పేరు మొగుడు పలకడు. పిలవాలంటే ఒక దగ్గు, కోపమొస్తే రెండు దగ్గులు. అంతే వాళ్ల సంసార వ్యాకరణం.

"నువ్వే చెప్పవే," అని బతిమాలాడు, బర్రె వైపు చూస్తూ.

"నేనెందుకు చెప్త? నీ నోరేమన్న మిషిన్ల వెట్టిన పాల లెక్క గడ్డకట్టిందా ఏంది?" అంది ఆమె. మనస్విని వైపు తిరిగి, "మిషినే అని రాస్కో బిడ్డా, ఫికర్ లేదు. శుక్రవారం వచ్చే బర్రెను ఈయన మంచానికి కట్టేస్త," అంది.

మనస్విని వేలు 'యంత్రం' అన్న గడి మీదికి దిగుతోంది. నర్సింహ చెవులు ఎర్రబడ్డాయి. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. పెళ్లిపీటల మీద అయ్యగారు పలకమన్నప్పుడు సైతం గొణిగి తప్పించుకున్న ఆ మాట, ఐదు బర్రెలూ తల తిప్పి చూసేలా సందంతా మోగింది:

"రాజమణి!"