అరవై దాటితే వణుకు

బైకుల పత్రికకి పదకొండేళ్లుగా రాస్తున్నాను. ఏ బండెక్కినా ఇట్టే దాని గుణం చెప్పేస్తానని గొప్పలు పోయేవాణ్ని. మా మేనమామ ఆ గొప్పలన్నీ నిజమే అనుకున్నాడు.

ఆయన వెల్డరు. మూడేళ్ల ఆదివారాలన్నీ షెడ్డులోనే గడిపి, ఒక పాత ఇంజను చుట్టూ సొంతంగా చాపర్ రకం బైకు కట్టాడు. ముందు చక్రం మూరెడు ముందుకి పోయి, హ్యాండిల్ భుజాలెత్తున, సీటు మోకాలెత్తున ఉండే బండి. దాన్ని ఒక కంపెనీవాళ్లు పంపిన అడ్వెంచర్ టూరర్‌తో పోల్చి రాయాలి. అదేమో ఎత్తుగా, రెండు వైపులా పెట్టెలు తగిలించుకుని, ఏ గుట్టెక్కమన్నా సై అనే రకం.

"ఉన్నదున్నట్టు రాయరా అల్లుడూ, మొహమాటపడకు. పదిమంది మెచ్చుకుంటే ఇక ఈ పనే చేసుకు బతుకుతా," అన్నాడు మావయ్య.

టూరర్‌ని మూడు రోజుల్లో తొమ్మిది వందల కిలోమీటర్లు తిప్పాను. బురదకీ కంకరకీ అది లొంగలేదు. చాపర్‌ని మాత్రం మా సందు చివరిదాకే తీసుకెళ్లాను. మలుపు దగ్గర బండి ఒరిగిపోయి ఇంజను ఆగింది. కూరగాయలు బేరమాడుతున్న ఇద్దరు ఆడవాళ్లు ఫక్కున నవ్వారు. నెట్టుకుంటూ ఇంటికి తెచ్చి గుడ్డ కప్పేశాను. వారం తర్వాత తిరిగి ఇచ్చేశాను. తప్పు బండిది కాదు, నాకే చేతకాలేదు. ఆ మాట రాయడానికి ముఖం చెల్లలేదు.

అందుకని కల్పించాను. టూరర్ ఎంత వేగంలోనైనా నిబ్బరంగా ఉంటుందనీ, చాపర్ అరవై దాటితే వణుకుతుందనీ, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు వాలు ఎక్కువైందనీ రాసిపారేశాను. ఆఫీసులో అందరూ భేష్ అన్నారు.

పత్రిక వచ్చిన నాలుగో రోజున మావయ్య రమ్మని ఫోన్ చేశాడు. తిడితే పడదాం, నిజం చెప్పేద్దాం అనుకుంటూ వెళ్లాను.

షెడ్డులో చాపర్ రెండు ముక్కలై ఉంది. ఫ్రేముని ఫోర్కు తగిలే మెడ దగ్గర కోసేశాడు.

"వందలో పోయినా నాకెప్పుడూ వణకలేదురా," అన్నాడు మావయ్య. "నా చేత్తో చేసింది కదా, తప్పు కంటికి ఆనలేదేమో. నువ్వంటే ఎన్నో బళ్లు ఎక్కినవాడివి."

అత్తయ్య మంచినీళ్ల గ్లాసు నా చేతికిచ్చింది. "కోసేటప్పుడు కళ్లనీళ్లు పెట్టుకున్నారు మీ మావయ్య. అడిగితే నిప్పురవ్వ పడిందంటారు," అంది నవ్వుతూ.

గ్లాసు పక్కన పెట్టేశాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఇప్పుడైనా చెప్పెయ్యాలి, మళ్లీ అతికించుకుంటాడు.

"వాలు ఎన్ని డిగ్రీలు తగ్గించమంటావు?" మావయ్య సుద్దముక్క పట్టుకుని, డాక్టరు ముందు కూర్చున్నవాడిలా నా నోటివంకే చూస్తున్నాడు.

"మూడు," అన్నాను.

ఆయన బుద్ధిగా తలూపి, గొట్టం మీద గీత గీశాడు.