ఎర్త్ స్క్రూ కింద రంగు

ఈ రోజుల్లో యంత్రాలకు వేసే రంగు చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఏదో పొడి చల్లి, కాల్చి తీస్తారు. అన్నీ ఒకటే అచ్చు, ఒకటే మెరుపు. అదీ ఒక రంగేనా! మా పిన్ని బ్రష్షు పట్టిందంటే పిండి కలిపే మెషీను కూడా పెళ్ళికూతురిలా షెడ్డు దాటేది.

మాది బేకరీలకు మెషీన్లు చేసే షెడ్డు. ఇళ్ళలో పెట్టుకునే బుల్లి మెషీన్లు కావు, బస్తా పిండిని ఒక్క వాయిలో కలిపే భారీవి. మోటారు, గేర్లు, వైరింగు నాన్న చూసుకునేవాడు. రంగు పని అమ్మ చెల్లెలిది, అంటే మా పిన్నిది. పెళ్ళి మాటెత్తితే ఆవిడ చేతిలో ఏది ఉంటే అది గాల్లోకి లేచేది, అందుకని మెల్లగా అందరూ ఎత్తడం మానేశారు. నేను చదువు ముగించి ఇంకేమీ దొరక్క, ఆ షెడ్డులోనే ఫోన్లు ఎత్తుతూ ఉండేదాన్ని. ముగ్గురం చెక్కపెట్టెల మీద కూర్చుని భోజనం చేసేవాళ్ళం. నోట్లో పెట్టుకున్న ముద్ద కూడా థిన్నరు వాసనే కొట్టేది. ఇప్పుడు ఎక్కడైనా ఆ వాసన తగిలితే నడుస్తున్నదాన్ని ఆగిపోతాను, పక్కవాళ్ళు ఏమైందని అడిగినా సరే.

పిన్నికి లోకంలో ఒకే ఒక్క శత్రువు, తుప్పు. "బేకరీ అంటే తడి, ఆవిరి, ఉప్పు. పిసరంత ఇనుము బయట కనపడిందా, తుప్పు అక్కడ కాపురం పెట్టేస్తుంది" అనేది. అందుకే మెషీను బిగించక ముందే, మూలమూలలా, బోల్టు రంధ్రాల లోపల కూడా సన్నబ్రష్షుతో పూత మీద పూత వేసేది. నాన్న మురిసిపోయి, వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు.

"మా మరదలు సూదిమొన మోపేంత చోటు కూడా వదలదండీ!"

"చాల్లే బావా, నీ గేర్లు కుళ్ళుకుంటాయి" అనేది పిన్ని.

ఏ బేకరీకి ఏ రంగు కావాలంటే ఆ రంగు. కొన్నవాళ్ళ పేర్లు ఆవిడకు గుర్తుండేవి కావు గానీ రంగులు మాత్రం మర్చిపోయేది కాదు. ఎవరైనా ఫోన్ చేస్తే నేను పేరు చెప్పేదాన్ని, ఆవిడ "ఎవరు, వంకాయ రంగాయనా?" అని అడిగేది.

అలా సాగుతుండగా కొత్త రూలు వచ్చింది. దుకాణాలకు, ఫ్యాక్టరీలకు అమ్మే ప్రతి కరెంటు మెషీనునూ పరీక్ష చేయించి భద్రతా సర్టిఫికెట్ తీసుకోవాలి. అది లేకుండా మేం అమ్మకూడదు, వాళ్ళు కొనకూడదు. నాన్న మొదట గొణిగాడు, తరవాత గట్టిగా తిట్టాడు, ఆ తరవాత నెమలికంఠం రంగు మెషీనును వ్యాన్‌లోకి ఎక్కించాడు. నేనూ వెంట వెళ్ళాను.

పరీక్ష చేసే చోట ఏ వాసనా లేదు. అదే నాకు మొదట నచ్చలేదు. పరీక్ష చేసింది కళ్ళద్దాలు పెట్టుకున్న ఒక మేడమ్. మంచి మనిషి, గబగబా తేల్చేయకుండా మాకు అన్నీ విడమరిచి చెప్పింది. మోటారు లోపల తీగ ఎప్పుడైనా చెడి బాడీకి తగిలితే, ఆ కరెంటు దాన్ని ముట్టుకున్న మనిషి ఒంట్లోంచి కాకుండా ఎర్త్ తీగలోంచి నేలలోకి పోవాలి. ఆ దారి సరిగ్గా ఉందో లేదో మీటరు పెట్టి చూసింది. ముల్లు కదల్లేదు. ఎర్త్ తీగ బిగించిన స్క్రూ విప్పి లోపలికి తొంగి చూసింది.

"ఎంత బాగా వేశారండీ రంగు! కానీ రంగులోంచి కరెంటు పోదు కదా. మీ తీగ ఇనుముకి తగలడం లేదు, రంగుకి తగులుతోంది" అంది.

నాన్న ముఖంలో నెత్తురుచుక్క లేదు. ప్రతి మెషీనుకూ ఎర్త్ తీగ తన చేత్తోనే బిగించాడు. బిగించానా లేదా అని చూసుకున్నాడే గానీ, దానికి ఒక్కసారీ మీటరు పెట్టలేదు. అక్కడే స్క్రూ చుట్టూ, రంధ్రంలోనూ రంగు గోకి మళ్ళీ బిగిస్తే ముల్లు ఠక్కున లేచింది. మిగతా పరీక్షలన్నీ దాటింది. ఇక మీదట ప్రతి మెషీనూ ఇలాగే రావాలని గట్టిగా చెప్పి సర్టిఫికెట్ ఇచ్చారు.

తిరిగొస్తుంటే నాన్న అన్నాడు, "పిన్నితో అనకు. నా వైరింగే లూజైందని చెప్తా. పాపం, రంగంటే దానికి ప్రాణం."

పిన్ని గుమ్మంలోనే నిలబడి ఉంది. నాన్న తన కథ మొదలుపెట్టాడో లేదో నవ్వేసింది.

"నీ వైరింగా? లూజా? అబద్ధం ఆడటం చేతకానప్పుడు ఆ తిప్పలెందుకు బావా?"

నేరుగా వ్యాన్ ఎక్కి మెషీను చుట్టూ తిరిగింది. స్క్రూ దగ్గర గోకిన చోటు మీద వేలు పెట్టి చూసింది. ఇక దాచి లాభం లేక నాన్న ఉన్నదంతా చెప్పేశాడు. తన రంగును గోకినందుకు ఇల్లు పీకి పందిరేస్తుందని నేను చెవులు మూసుకోవడానికి సిద్ధంగా ఉన్నాను. ఆవిడ కేకలు వేయలేదు.

"మరి ఇంతకు ముందు పంపినవాటి సంగతేంటి?" అంది.

సర్టిఫికెట్ సంబరంలో మా ఇద్దరికీ ఆ ఊసే రాలేదు. నాన్న అడ్డంగా తల ఊపాడు.

"పాతవాటిని రూలు అడగట్లేదు. ఇప్పుడు మనమే వెళ్ళి మా మెషీన్లలో లోపం ఉందని చెప్పుకుంటే రేపు మన గుమ్మం ఎవరు తొక్కుతారు? కొరివితో తల గోక్కోవడమే!"

"పిండి కలిపేవాళ్ళ చేతులు ఎప్పుడూ తడే బావా."

"చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం చెప్పు?"

"ఇంకా ఎవరి చేతులూ కాల్లేదు కదా! అందుకే ఇప్పుడే వెళ్దాం అంటున్నా. నువ్వు రాకపోతే నేనే పోతా, బస్సెక్కి."

అప్పటికప్పుడు నన్ను కూర్చోబెట్టి ఫోన్లు చేయించింది. వెళ్ళేదాకా మెషీను ఆపి, ప్లగ్గు తీసేయమని చెప్పించింది. అలా చెబుతుంటే నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. నాన్న తిట్టుకుంటూనే మీటరు, స్క్రూడ్రైవర్లు సర్దాడు.

బేకరీ తరవాత బేకరీ తిరిగాం. వంకాయ రంగాయన మాకు వేడి బన్నులు పెట్టి, ఇంత దూరం వచ్చారా అని నొచ్చుకున్నాడు. లేతాకుపచ్చ ఆయన మాత్రం వీధిలో జనం పోగయ్యేలా కేకలు వేసి, ఇక మీతో వ్యాపారమే వద్దన్నాడు. నాన్న తల వంచుకున్నాడు. పిన్ని ఆ కేకల మధ్యే కింద కూర్చుని, తను ముచ్చటపడి వేసిన రంగును తనే గోకింది. ఆ చేతులను చూస్తూ నేను బయటికి వచ్చేశాను. నాకు ఏడుపు ఆగలేదు.

ఆఖరిది వంతెన కింద ఉన్న చిన్న బేకరీ. పసుపు రంగు మెషీను. పిండి కలిపే ఆయన కనుబొమల నిండా పిండే. మెషీను ముందు నేల మీద ఒక చెక్కపలక వేసి ఉంది. దాని మీద రెండు పాదాల మేర అరిగి గుంటలు పడ్డాయి. అదెందుకని పిన్ని అడిగింది.

"వానలప్పుడు ముట్టుకుంటే జివ్వుమంటుందమ్మా. పెద్ద మెషీను కదా, దాని తత్వమే అంతేమో అనుకున్నాం. పలక మీద నించుంటే ఏమీ అనదు."

పిన్ని ఆ తడినేల మీదే కూలబడింది. నాన్న లేపబోతే చెయ్యి విదిలించుకుని, సంచిలోంచి రంగు గోకే బిళ్ళ తీసింది. ఇనుము తెల్లగా మెరిసేదాకా గోకింది. నాన్న మోటారు విప్పి, లోపల చెమ్మెక్కిన తీగకు కొత్త టేపు చుట్టి, ఎర్త్ బిగించి మీటరు పెట్టాడు. ముల్లు చక్కగా లేచింది.

"అయిపోయింది, లే" అన్నాడు.

పిన్ని లేచింది. చెప్పులు విడిచింది. కాలితో పలకను పక్కకు తోసి, నేల మీద నిలబడి, అక్కడున్న నీళ్ళబకెట్టులో చెయ్యి ముంచింది.

"స్విచ్ వెయ్యి బావా."

"నీకేమైనా పిచ్చి పట్టిందా! మీటరు చూపిస్తోంది కదే!"

"నువ్వు నమ్ముతున్నావా, దాన్ని?"

"నమ్ముతున్నా."

"మరి వెయ్యి."

నాన్న స్క్రూను మరోసారి బిగించి చూసి, ప్లగ్గు పెట్టాడు. స్విచ్ వేశాడు. పిన్ని తడిచేతిని మెషీను ఒంటి మీద ఆనించి, చాలాసేపు అలాగే ఉంచింది. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

పిండి కలిపే ఆయన కూడా చెప్పులు విడిచి, ముందు వేలికొస తగిలించి, తరవాత అరచెయ్యి పెట్టాడు. "అరె, ఏమీ అనట్లేదే!" అని చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"ఇన్నాళ్ళూ అంది కదయ్యా. ఆ తప్పు నాది. నాలుగు తిట్టు" అంది పిన్ని.

ఆయన పలకను మోకాలి మీద పెట్టి రెండు ముక్కలు చేసి పొయ్యిలో తోశాడు. ఆ మంట మీద కాల్చిన రొట్టెను కాగితంలో చుట్టి పిన్ని చేతిలో పెట్టాడు. తినమని నాన్న ఎంత బతిమాలినా ఆవిడ తినలేకపోయింది. ఇల్లు చేరేదాకా దాన్ని ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద వేసుకుని కూర్చుంది.