కాయని చెట్టుకు చెప్పులు

మొహం కడిగిన నీళ్లు మామిడి మొదట్లోకే పోయేటట్టు పర్శరాములు వంగి నిలబడ్డాడు. ఏళ్లుగా అలవాటైన చోటే. ఈమధ్య మాత్రం ఒక పక్కకు ఒరగాల్సి వస్తోంది. లేకపోతే కిందికొమ్మకు కట్టిన చెప్పులు చెంపకు తగులుతాయి. తెగిపోయిన రబ్బరు చెప్పులు, వాటితోపాటు అరిగిన చీపురు. పాత పంచె పీలికతో తనే కట్టాడు. కాయని చెట్టుకు అట్లా కడితే సిగ్గు తెచ్చుకొని కాస్తుందని అక్కడివాళ్ల నమ్మకం. నెల దాటింది. చొప్పదండిలో ఉన్న మామిళ్లన్నీ నిండా పూత మీద ఉన్నాయి. ఇది మాత్రం ఎర్రగా నాలుగు చిగుళ్లు వేసి ఊరుకుంది.

గడపలో కూర్చొని చేటలో బీడీల తునికాకు కత్తిరిస్తున్న భార్య అనసూర్య తల ఎత్తకుండానే చెప్పింది. అతీక్ భాయ్, ఆయన పెండ్లాం రషీదా ఇయ్యాల ఊరిడిచి పోతున్నరట. ఆసిఫాబాద్‌ల బిడ్డ రుబీనా దగ్గరికి. పోయేముందు అందరికీ సలాం చెప్పిపోతరట.

"జల్దిన రా. నీ కోసమైతే తప్పకుండ వస్తడు," అంది.

పర్శరాములు తువ్వాలతో మొహం తుడుచుకొని చెట్టు దిక్కు చూశాడు. ఆ చెప్పులు విప్పేస్తే అయిపోయేది. కానీ ఎదురింటి లస్మవ్వ వాకిలి ఊడుస్తోంది. నిన్నటిదాకా చెట్టును తిట్టినవాడివి ఇయ్యాల ఎందుకు విప్పుతున్నావని అడుగుతుంది. ఏమని చెప్పాలి? సద్దిగిన్నె పట్టుకొని మరమగ్గాల షెడ్డుకు నడిచాడు.

ఆ చెట్టు టెంక అతీక్ ఇచ్చిందే. అతీక్‌ది పండ్ల బండి. రోజూ పొద్దున బజారుకు పోతూ పర్శరాములు ఇంటి ముందు ఆగి నీళ్లు తాగేవాడు. ఒక ఎండాకాలం గంపలో మిగిలిన ఒక్క పండును రెండు ముక్కలు చేసి, టెంక ఉన్న ముక్క పర్శరాములు చేతిలో పెట్టాడు. పారేయకుండా మట్టిలో పెట్టుమన్నాడు. పర్శరాములు టెంక పగలగొట్టి, లోపలి పలుకును నూనె డబ్బాలో మట్టి పోసి పెట్టాడు. మొలక వచ్చిన రోజు అతీక్ బండి అక్కడే వదిలేసి లోపలికొచ్చి చూశాడు.

కాయ కాయకపోయినా ఆ చెట్టు వల్ల పర్శరాములుకు వాడలో ఒక పేరు వచ్చింది. పెండ్లి పందిరికైనా, దసరాకైనా, దీపావళికైనా మామిడాకులకు అందరూ అతని ఇంటికే వచ్చేవారు. నిచ్చెన వేసుకొని కొసలు కొసలు విరిచి దోసిళ్ల కొద్దీ ఇచ్చేవాడు. పొద్దంతా షెడ్డులో సాంచల, అంటే మరమగ్గాల, చప్పుడులో అటూ ఇటూ తిరుగుతూ తెగిన పోగులు ముడేసే మనిషి. అతని దగ్గర ఇంకొకరికి ఇవ్వడానికి ఉన్నది అదొక్కటే.

పోయిన నెల చాయ్ హోటల్ ముందు, పక్క సాంచల మీద పనిచేసే లక్ష్మీరాజం నలుగురిలో అడిగాడు, ఇన్నేండ్లయినా నీ చెట్టు కాయదేందే అని.

"తురకాయన ఇచ్చిన టెంక. గట్లగాక ఎట్లుంటది?" అన్నాడు పర్శరాములు.

అందరూ నవ్వారు. తనూ నవ్వాడు. నవ్వుతూనే తిరిగి చూస్తే హోటల్ పందిరి అవతల అతీక్ అరటిగెలల మీద తడిగోనె కప్పుతున్నాడు. తల ఎత్తలేదు. ఆ సాయంత్రమే పర్శరాములు చెట్టుకు చెప్పులు కట్టాడు. తప్పు చెట్టుదేనని ఎవరికో చూపించాలనిపించింది.

మర్నాటి నుంచి బండి ఆ వాడకు రాలేదు. తర్వాత తెలిసింది, అతీక్‌కు షుగర్‌తో కాలు చెడిందని, కరీంనగర్‌లో రెండు వేళ్లు తీసేశారని. కాలు బాగాలేకనే రావడం లేదని పర్శరాములు తనకు తాను చెప్పుకున్నాడు. చూడడానికి మాత్రం పోలేదు.

షెడ్డులో దూది దుమ్ము కనుబొమ్మల మీద పేరుకుంటోంది. ఏం పర్శన్నా, చెట్టుకు సిగ్గొచ్చిందా అని లక్ష్మీరాజం సాంచల చప్పుడు మీదుగా అరిచాడు. పర్శరాములు వినపడనట్టే నాడెలో అయిపోయిన నూలు కండె మార్చాడు.

మధ్యాహ్నం కరెంటు పోయింది. సాంచలన్నీ ఒక్కసారి ఆగాయి. ఇప్పట్లో రాదన్నారు. అందరూ అన్నానికి ఇండ్లకు పోయారు. పర్శరాములు మాత్రం నేల మీద సద్దిగిన్నె విప్పుకొని తిన్నాడు. తిన్నాక బట్టలో లేచిన పోగులను గోటితో ఒక్కొక్కటే తీస్తూ కూర్చున్నాడు. ఎవరూ చెప్పని పని. ఇల్లు అక్కడికి దగ్గరే. బయట ఏ ఆటో చప్పుడైనా చెయ్యి ఆగేది. అది దూరం పోయాక మళ్లీ కదిలేది. ఎండ వాలాక కరెంటు వచ్చింది. అతనికి ప్రాణం లేచొచ్చినట్టయింది.

పొద్దుగూకే వేళకు ఇల్లు చేరాడు. అనసూర్య బీడీలు కట్టలు కడుతోంది.

"పోయిండ్రా?"

"పోయిండ్రు. ఇప్పటిదాంక ఎదురుచూశిండు నీ కోసం. కరెంటు పోయింది గదా, వస్తవనుకున్నం."

"పని ఒడువలే," అన్నాడు.

ఆమె అతని మొహం చూసింది. బీడీ కట్టకు దారం చుడుతూ తనే చెప్పింది. కర్ర పట్టుకొని కుంటుకుంటూ వచ్చిండు. ఇంట్లో మిగిలిన పెంటఎరువు తెచ్చిండు. వద్దంటే వినకుండా పీట వేసుకొని చెట్టు చుట్టూ పాదు తీసిండు. దసరాకు, దీపావళికి కొసలన్నీ విరిస్తే ఇగ అది పూత యాడ పెట్టాలె, వచ్చే దసరా నుంచి చలికాలం పోయేదాంక ఆకు ముట్టకుమని చెప్పు పర్శరాంకు, అన్నడు.

పర్శరాములు సద్దిగిన్నె కింద పెట్టాడు. "చెప్పులు జూశిండా?"

"జూసుడేంది. కూసోని తవ్వుతుంటె నెత్తికి తాకవట్టె." అనసూర్య చేతిలో దారం ఆగింది. "నేను ఇప్పుతనని పోయిన. వద్దన్నడు. ఆయన కట్టిండు, ఆయనే ఇప్పుతడు తియ్ చెల్లె, అన్నడు. తాకినప్పుడల్లా జర పక్కకు జరుపుకుంట తవ్విండు."

ఆమె లేచి లోపల లైటు వేసింది.

పర్శరాములు చెట్టు కిందికి పోయాడు. పీలిక ముడి బిగుసుకుపోయింది. పొద్దంతా ముడులు వేసిన వేళ్లకు అది లొంగలేదు. పంటితో లాగాడు. లస్మవ్వ తన గడప నుంచి చూస్తూనే ఉంది. చూడనీ అనుకున్నాడు, కానీ మెడ మాత్రం పైకి లేవలేదు.

కింద పాదు గుండ్రంగా ఉంది. ఎరువు మీద పోసిన నీళ్లు ఇంకా పూర్తిగా ఇంకలేదు. గట్టు మీద, ఎరువు మోసుకొచ్చిన, అతీక్ పండ్లు తూచిన పాత తరాజు చిప్ప బోర్లా పడి ఉంది. దాని మూడు గొలుసులూ తడిమట్టిలో సగం కూరుకొని ఉన్నాయి.