తీసినంత పోయాలి

మా అత్తయ్యకూ నాకూ పడదు. ఇదేమీ గుట్టు కాదు, వీధిలో ఎవరిని అడిగినా చెబుతారు. ఆమెను అందరూ గేర్‌బాక్సమ్మ అంటారు. ఇంటి ముందున్న రేకుల షెడ్డులో మామయ్యతో కలిసి, ఆయన పోయాక ఒంటరిగా, ఆటోమేటిక్ గేర్‌బాక్సులు విప్పి బిగించిన మనిషి. కీళ్ళవాతంతో వేళ్ళు వంకర తిరిగాక షెడ్డు మూతపడింది. నోరు మాత్రం మూతపడలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఈవిడ రచ్చ గెలిచి వచ్చి, ఇంట్లో నా మీద గెలవడానికి కూర్చుంది.

నాకు పక్క ఊళ్ళో కోల్డ్ స్టోరేజీలో ఉద్యోగం వచ్చింది. వచ్చిన సరుకు నాణ్యత చూసే పని. డ్యూటీ తెల్లవారుజామునే, ఆ వేళకు బస్సులుండవు. అక్కడ కాస్త కుదురుకుంటే ఇల్లు తీసుకుని ఈ కొంపలోంచి బయటపడాలని నా ఆలోచన. మా ఆయన సరే అన్నాడు. ఎవరేమన్నా సరే అంటాడు, గోడ మీద పిల్లి. ఇంట్లో ఉన్నది మామయ్య పాత కారు ఒక్కటే. సోమవారానికి అది నడవకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. నేను ఇక్కడే, ఈవిడ మాటలు పడుతూ ఉండిపోతాను.

ఊరందరి గేర్‌బాక్సులకూ వైద్యం చేసిన ఇంట్లో ఆ కారు గేర్‌బాక్స్ ఆయిల్ ఏళ్ళ తరబడి ఎవరూ మార్చలేదు. దీపం కింద చీకటి. డ్రైవ్‌లో వేస్తే కాసేపు ఆలోచించుకుని, ఆ తర్వాత వెనకనుంచి ఎవరో తన్నినట్టు కదిలేది. బస్టాండు దగ్గర మెకానిక్‌కు చూపిస్తే, మెషీన్ పెట్టి ఆయిలంతా ఒకేసారి కడిగేస్తానన్నాడు. ఆ మాట తెచ్చి ఇంట్లో అన్నాను.

"కడిగిస్తే చస్తుంది" అంది అత్తయ్య, గ్లాసు కింద పెట్టకుండానే.

గేర్లు పట్టే, అరిగిపోయిన లోపలి ప్లేట్లకు ఆ పాత ఆయిల్లోని మడ్డే ఇప్పుడు కాస్త పట్టునిస్తోందట. ఒక్కసారిగా అంతా కొత్తది తోస్తే ఆ పట్టు కూడా పోతుందట. అడుగున పాన్ అనే రేకు పళ్ళెంలో ఉన్నంత మటుకే తీసి, అంతే కొత్తది పోసి, కొన్నాళ్ళు నడిపి, మళ్ళీ అలాగే చేయాలట. నన్ను ఆపడానికి అల్లిన కథేమోనని ఆ మెకానిక్‌నే మళ్ళీ అడిగాను. అతను నీళ్ళు నమిలి, గేర్‌బాక్సమ్మ చెప్పిందంటే అలాగే చేయండమ్మా అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అయినా నమ్మక తప్పలేదు.

ఆదివారం పొద్దున షెడ్డు తలుపులు తెరిచాం. ఆమె స్టూలు మీద, నేను నేల మీద. కారును జాకీతో లేపగానే నేను కిందికి దూరబోతే అరిచింది. స్టాండ్లు పెట్టకుండా దూరితే, నువ్వు పోయినా జనం నన్నే అంటారని. అత్త చచ్చిన ఆరు నెలలకు కోడలు ఏడ్చిందని సామెత ఉంది. కోడలు చస్తే అత్త ఎన్నాళ్ళకు ఏడుస్తుందో ఏ సామెతా చెప్పలేదు.

పాన్ బోల్టులు ఒక పక్కవే వదులు చేయించింది. ఆ మూల కిందికి జారి ఆయిల్ ధారగా తొట్టిలో పడింది. నల్లగా ఉంది, మాడిన గిన్నె వాసన వేసింది. ఆమె రెండు వేళ్ళ మధ్య రాసి చూసుకుంది. పాన్ విప్పి దించాను. దాని అడుగున ఇనుప రజను పట్టే చిన్న అయస్కాంతం ఉంటుంది, దాన్ని అందించమంది. దాని నిండా బూడిదరంగు మెత్తటి ముద్ద.

"ముక్కలైతే ఏడవాలి, ముద్దయితే తుడవాలి" అంది. "తుడువు."

తీసిన ఆయిల్‌ను ఖాళీ నీళ్ళ సీసాల్లోకి వంపించింది. ఎన్ని సీసాలు వస్తే అన్ని కొత్తవి. "తీసినంత పోయాలి. ఇందులో నీ తెలివి చూపించకు" అంది. కొత్త ఫిల్టరూ కొత్త ప్యాకింగూ పెట్టి, బోల్టులు ఎదురెదురుగా బిగించాను. నా చేతి ఊపు చూసి వంగి, వంకర వేళ్ళతో నా మణికట్టు పట్టుకుంది. భుజంతో కాదు, వేళ్ళతో బిగించమంది. నిజం చెప్పొద్దూ, ఆ పూట ఆమె మీద కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు. చెప్పింది చెప్పినట్టు చేశాను.

కారు దించి గరాటు పెట్టి కొత్త ఆయిల్ పోస్తున్నాను. మా ఆయన ఫోను పట్టుకుని వచ్చాడు. పక్క ఊళ్ళో మేము చూసిన ఇంటి ఓనర్ ఫోన్ చేశాడట, వచ్చే నెలకే ఇల్లు ఖాళీ అవుతుందట, రెండు గదులకూ గాలి బాగా వస్తుందట. సంబరంగా చెప్పి వెళ్ళిపోయాడు. ఇల్లు మారే సంగతి అత్తయ్యకు మేమింకా చెప్పలేదు. ఆమె దృష్టిలో నేను రోజూ వెళ్ళి వచ్చే ఉద్యోగం అది.

ఆమె మిగిలిన సీసాలకేసి చూసింది. నేను పోస్తూనే ఉన్నాను.

"చాలు, ఆపు" అంది కాసేపటికి.

ఇంకో సీసా మిగిలి ఉందన్నాను. ఎప్పుడో ఎవరో ఎక్కువ పోసి ఉంటారంది. నమ్మకం లేకపోతే ఆయిల్ మట్టం చూసే స్టిక్ తీసి చూడమంది. తీశాను, ఆయిల్ సరిగ్గా గీత దాకా ఉంది. మరింకేం అని లేచి లోపలికి వెళ్ళిపోయింది.

పరీక్షగా ఒకసారి నడుపుదామని బయటికి తీశాను. వీధిలో హాయిగా వెళ్ళింది. పెద్దరోడ్డుకు ఎక్కే ఎత్తు మీద ఇంజిన్ అరుస్తోంది, కారు కదలడం లేదు. ఇంకా తొక్కాను. ఇంకా అరిచింది, వెనక్కి దొర్లడం మొదలుపెట్టింది. వెనక నీళ్ళ ట్యాంకర్ ఒకటే హారన్. హ్యాండ్ బ్రేక్ లాగేసరికి దాని బంపరుకూ నాకూ మధ్య చెయ్యి దూరేంత సందు మిగిలింది. ట్యాంకర్ డ్రైవర్ దిగి నన్ను తిట్టినవన్నీ ఇక్కడ రాయను.

అతను వెనక్కి వెళ్ళేదాకా స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నప్పుడు వెలిగింది. కాపురానికి వచ్చినప్పటి నుంచీ అత్తయ్య ఫోన్లో జనానికి చెప్పే మాట అది. ఇంజిన్ నడుస్తుండగా స్టిక్ చూడండి, ఆపి చూస్తే తక్కువున్నా నిండుగా కనిపిస్తుంది, తక్కువైతే ఎత్తు మీద గేరు పట్టదు. ఎన్నిసార్లు విన్నానో. చెప్పేది ఆవిడే కదా అని బుర్ర పక్కన పెట్టాను.

దొర్లించుకుంటూ, పాకించుకుంటూ ఇంటికి తెచ్చాను. ఆమె హాల్లో కూర్చుని ఉంది, నా కోసమే ఎదురుచూస్తున్నట్టు.

"ఇంజిన్ స్టార్ట్ చేయించకుండానే స్టిక్ ఎందుకు చూడమన్నారు?"

తెలియనట్టు నటించలేదు. "ఎంతసేపు తొక్కావు?" అని అడిగింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా గురించి కాదు, ప్లేట్ల గురించి అడుగుతోంది.

"వెళ్ళొద్దని నోటితో చెప్పొచ్చుగా."

"చెబితే ఆగేదానివా?"

"ఆగేదాన్ని కాదు."

"అందుకే." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇల్లు మారుతున్నారని నాకు వాడి ఫోను చెప్పాలా? పొద్దున లేచి నీతో పోట్లాడకపోతే ఈ ఇంట్లో నాతో మాట్లాడే మనిషి ఎవరున్నారు? వాడా?"

నాకు జాలి కలగలేదు. కలగాల్సిందేమో, కలగలేదు.

"నా వెనక ట్యాంకర్ ఉంది అత్తయ్యా. కారు దాని మీదికి దొర్లింది."

ఆమె ముఖంలో నెత్తురు లేదు. మన వీధిలోనే ఆగిపోతుందనుకున్నా అంది, నాతో కాదు. గోడ పట్టుకుని లేచి షెడ్డులోకి నడిచింది.

ఇంజిన్ స్టార్ట్ చేయించింది. బ్రేకు తొక్కిపట్టి గేరు కర్రను అన్ని గుర్తుల మీదికీ తిప్పించి, పార్కులో పెట్టించింది. మిగిలిన సీసాను రెండు మణికట్ల మధ్య ఇరికించుకుని తనే పోసింది. సగం గరాటులో, కాస్త ఇంజిన్ మీద. నేను గరాటు పట్టుకోలేదు. స్టిక్ తీసి తుడిచి, పెట్టి, మళ్ళీ తీసి వెలుగుకేసి చూసింది.

"సరిపోయింది" అంది.

నేను కారు దిగి ఆమె చేతిలోంచి స్టిక్ తీసుకున్నాను. తుడిచాను, పెట్టాను, తీసి చూశాను. ఆ షెడ్డులో ఆమె సరిపోయిందన్నాక ఇంకొకరు మళ్ళీ చూడడం ఎన్నడూ జరగలేదు. ఆ ఒక్క మాట మీద కొండలూ గుట్టలూ దాటి వెళ్ళినవాళ్ళున్నారు. అది తెలిసే చూశాను.

ఆయిల్ సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంది. నేను చూడడం అయ్యేదాకా ఆమె పక్కనే నిలబడింది. తర్వాత పాతగుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకుంది.

"రెండోసారి మార్చేటప్పుడు ఆ బస్టాండు మెకానిక్ దగ్గరికే తీసుకెళ్ళు" అని చెప్పి లోపలికి వెళ్ళింది.

సోమవారం కారు ఆ ఎత్తును అవలీలగా ఎక్కింది. డ్యూటీకి వేళకే చేరాను. మేము ఇల్లు మారేదాకా అత్తయ్య నాతో ఒక్కసారి కూడా పోట్లాడలేదు.